కళ్లముందున్న రంగులను చూడడం ఎలా

అనంతపురం పేరు వినగానే వాన కురవని నేల, ఎండిన చెరువు, రాళ్ల గుట్టలు మాత్రమే చాలామందికి గుర్తుకు వస్తాయి. రంగులను చూసి సంతోషించాలంటే కోనసీమకో కొడైకెనాల్‌కో వెళ్లాలని ఇక్కడ పుట్టి పెరిగినవారు కూడా అనుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. ఎటు చూసినా పచ్చగా ఉన్నచోట ఆ పచ్చదనమే కంటిని నింపేస్తుంది. మన వైపు ఎర్రనేల మీద ఒక్క తంగేడు పొద పూసినా చాలా దూరం నుంచే అది కనిపిస్తుంది. రంగును చూడడం నేర్చుకోవాలనుకునేవారికి ఇంతకన్నా అనువైన చోటు అరుదని నా అభిప్రాయం.

ఇక్కడ చెప్పబోయే పనులన్నిటి వెనుకా ఉన్నది ఒకే విషయం. ఏ రంగూ ఒంటరిగా కనిపించదు. దాని మీద పడే వెలుతురు, దాని పక్కనున్న మరో రంగు, ఈ రెండూ కలిసే అది మన కంటికి ఎలా కనిపించాలో నిర్ణయిస్తాయి. ఈ రెంటినీ గమనించే అలవాటు పట్టుబడితే చీర ఎంచుకోవడం, గోడకు రంగు వేయించడం, వాకిట్లో ముగ్గు పెట్టడం వంటి పనులు ఇప్పుడున్నదానికంటే ఎంతో సంతోషాన్నిస్తాయి. ఒక చిన్న నోటుపుస్తకం, పెన్సిలు తప్ప మొదట్లో కొనవలసిందేమీ లేదు.

మొదట వెలుతురును గమనించండి

మీ ఇంటి నుంచి కనిపించే గోడనో గుట్టనో ఒకదాన్ని ఎంచుకుని, పొద్దున ఎండ పొడ పడగానే ఒకసారి, నడిమధ్యాహ్నం ఒకసారి, పొద్దుగూకే ముందు ఒకసారి చూసి, ప్రతిసారీ దాని రంగు గురించి ఒక్క వాక్యం రాసుకోండి. ‘ఎర్రగా ఉంది’ అని ఊరుకోకుండా, ఇటుక ఎరుపా, కుంకుమ ఎరుపా, మట్టికుండ ఎరుపా అన్నది తేల్చుకోండి. ఒకే రాయి మూడు వేళల్లో మూడు రంగుల్లో ఉండడం మీరే చూస్తారు. సూర్యుడు దిగువన ఉన్నప్పుడు వెలుతురు గాలిపొరల్లో ఎక్కువ దూరం ప్రయాణించి మనను చేరుతుంది. ఆ దారిలో నీలి కాంతి ఎక్కువగా చెదిరిపోయి, పసుపు, ఎరుపు కాంతులు ఎక్కువ పాళ్లలో మిగులుతాయి. కడప జిల్లాలోని గండికోట లోయ సాయంత్రం అంత ఎర్రగా కనిపించడానికి ఆ రాతి రంగు ఎంత కారణమో, ఈ వెలుతురు కూడా అంతే కారణం.

నడిమధ్యాహ్నపు ఎండలో మాత్రం ఏ రంగునూ తూచవద్దు. మన వేసవి ఎండ ప్రతి వస్తువు మీద నుంచీ తెల్లగా తిరిగి కొడుతుంది, నీడలు కాళ్ల కిందికి ముడుచుకుపోతాయి, ముదురు రంగు కూడా వెలిసినట్టు కనిపిస్తుంది. ఆ వేళ రంగు చూడవలసి వస్తే వస్తువును వేపచెట్టు నీడలోకో వసారాలోకో తెచ్చి చూడండి.

మునిమాపు వేళ చేయదగిన పరీక్ష ఒకటుంది. పెరట్లో ఎర్ర మందారం ఉంటే, దీపం వేయకుండా దాని ఎదుట కాసేపు కూర్చోండి. వెలుతురు బాగా ఉన్నప్పుడు ఆకులకంటే పువ్వే ప్రకాశంగా ఉంటుంది. చీకటి పడుతున్నకొద్దీ పువ్వు నల్లబడుతుంది, ఆకులు మాత్రం ఇంకా కాసేపు లేతగా కనిపిస్తూనే ఉంటాయి. మసక వెలుతురులో కంటిలోని వేరే రకం కణాలు పనిలోకి దిగుతాయి. వాటికి ఎరుపు దాదాపు అందదు. చెక్ శాస్త్రవేత్త యాన్ పుర్కిన్యే 19వ శతాబ్ది తొలినాళ్లలో దీనిని వివరించాడు. సాయంత్రం పెళ్లి పందిరిలో దీపాలు తక్కువగా ఉంటే ముదురు ఎరుపు చీరలు ఎందుకు నల్లగా తేలిపోతాయో, లేత పసుపు, లేత ఆకుపచ్చ చీరలు ఎందుకు నిలబడతాయో మందారం ముందు కూర్చున్నవారికి ఇక ఎవరూ చెప్పనక్కరలేదు.

నేల రంగులను పోగుచేయండి

ఈ పని పిల్లలతో కలిసి చేస్తే మరింత బాగుంటుంది. ప్రయాణంలో ఎక్కడ ఆగినా పిడికెడు మట్టి చిన్న పొట్లంలో కట్టి, పైన ఊరి పేరు రాయండి. జిల్లాలో ఎక్కువ భాగం ఎర్రనేలే అయినా ఉరవకొండ, తాడిపత్రి వైపు నల్లరేగడి దొరుకుతుంది. చెరువు కట్ట కింద బూడిద రంగు ఒండ్రు, గుట్టల అంచున పసుపుపచ్చని మన్ను కనిపిస్తాయి. వీటిని రంగులుగా మార్చుకునే పద్ధతి కష్టమైనది కాదు. మట్టిని మెత్తగా దంచి, పలుచని గుడ్డలో జల్లించి, గిన్నెడు నీళ్లలో కలపండి. నిమిషం ఆగితే ఇసుక అడుగుకు దిగుతుంది. పైనున్న మట్టినీటిని మరో గిన్నెలోకి వంచుకుని రాత్రంతా కదపకుండా ఉంచితే, తెల్లవారేసరికి అడుగున వెన్నలాంటి ముద్ద మిగులుతుంది. పైనీటిని పారబోసి ఆ ముద్దను ఆరబెట్టండి. తుమ్మబంకను నీళ్లలో నానబెట్టి వడకట్టి, ఆరిన పొడిలో కొద్దికొద్దిగా వేస్తూ నూరితే, దళసరి కాగితం మీద కుంచెతో వేయదగిన రంగు సిద్ధమవుతుంది. బంక తక్కువైతే ఆరాక వేలికి రాలుతుంది, ఎక్కువైతే పగుళ్లు బారుతుంది. రెండు మూడు చుక్కలు వేసి చూస్తే పాళ్లు తెలిసిపోతాయి.

ఈ మట్టిరంగులను కాగితం మీద వరుసగా పూసి చూసినప్పుడు, అంతవరకూ ‘ఎర్రమన్ను’ అని ఒకే పేరుతో పిలిచినదానిలో ఎన్ని రకాలున్నాయో తెలుస్తుంది. వీటిలోని ఎరుపుకూ పసుపుకూ మూలం ఇనుమే. ఇనుప ఖనిజంలో నీరు బంధించి ఉంటే మన్ను పసుపుగా ఉంటుంది, ఆ నీరు పోతే ఎర్రబడుతుంది. దీనిని మీరే పరీక్షించవచ్చు: పసుపు మన్ను చెంచాడు తీసుకుని, వంటకు వాడని పాత ఇనుప మూకుట్లో వేసి, ఆరుబయట నిప్పుల మీద బాగా కాల్చండి. అది మెల్లగా నారింజ ఛాయలోకి, తరువాత ఎరుపులోకి మారుతుంది. కడప జిల్లా ముద్దనూరు దగ్గరి చింతకుంట రాతి గుహల్లో ఆదిమానవులు గీసిన జంతువులూ మనుషులూ ఎక్కువగా ఎర్రమన్ను రంగులోనే ఉన్నాయి. మీ కుంచె కొనకున్న రంగూ ఆ రంగూ ఒకే ఇనుము నుంచి వచ్చినవే.

పక్కన ఏముందో చూడండి

దర్జీ దగ్గర మిగిలిన గుడ్డముక్కలు అడిగి తెచ్చుకోండి. ఒకే పసుపు గుడ్డ నుంచి రెండు అంగుళాల చదరపు ముక్కలు రెండు కత్తిరించి, ఒకదానిని పెద్ద ఎర్రగుడ్డ నడుమ, మరొకదానిని పెద్ద ఆకుపచ్చ గుడ్డ నడుమ ఉంచి, దూరంగా నిలబడి చూడండి. రెండూ ఒకే గుడ్డలోవని తెలిసి కూడా కన్ను ఒప్పుకోదు. ఎరుపు మీద ఉన్నది కాస్త ఆకుపచ్చ వైపు, ఆకుపచ్చ మీద ఉన్నది కాస్త నారింజ వైపు జరిగినట్టు కనిపిస్తాయి.

పారిస్‌లోని గోబెలాఁ నేత కార్ఖానాలో అద్దకం విభాగాన్ని చూసిన రసాయన శాస్త్రవేత్త మిషెల్ యూజీన్ షెవ్రల్ దగ్గరకు, నల్లదారం సరిగా నల్లగా లేదనే ఫిర్యాదు వచ్చింది. పరిశీలిస్తే అద్దకంలో లోపం లేదు. ఆ దారం పక్కన నేసిన రంగుల వల్లనే నలుపు వెలవెలబోతోందని తేలింది. పక్కపక్కన ఉన్న రంగులు ఒకదానినొకటి ఎలా మారుస్తాయో వివరిస్తూ ఆయన 1839లో పెద్ద గ్రంథమే ప్రచురించాడు. చీరకు రవిక నప్పలేదని మనం అనుకునే సందర్భాల్లో చాలావాటికి సమాధానం ఇక్కడుంది. రవిక రంగులో దోషం ఉండదు, అంచు రంగు దాన్ని మార్చేసి ఉంటుంది. అందువల్ల రవిక గుడ్డను చీర నడుమ పెట్టి చూడడం చాలదు. కట్టుకున్నప్పుడు అది ఏ అంచుకు ఆనుకుని ఉంటుందో ఆ అంచు పక్కనే పెట్టి చూడాలి.

ధర్మవరం పట్టు చీరను చూసే పద్ధతి కూడా దీనికి సంబంధించినదే. మగ్గం మీద నిలువునా సాగే పడుగు ఒక రంగు, అడ్డంగా పడే పేక మరో రంగు అయినప్పుడు, దుకాణాల్లో డబుల్ షేడ్ అనే మెరుపు పుడుతుంది. నీలం పడుగులో ఆకుపచ్చ పేక పడితే నెమలికంఠం వస్తుంది. పరచిన చీరను పైనుంచి చూస్తే ఈ గుణం సగమే తెలుస్తుంది. రెండు మూడు కుచ్చిళ్లు పోసి పట్టుకుని, నెమ్మదిగా అటూ ఇటూ తిప్పండి. మడత మలుపు దగ్గర ఒక రంగు, లోపల మరో రంగు పైకి వస్తాయి. తరువాత ఆ చీరను దుకాణం గుమ్మం దాకా తీసుకెళ్లి పగటి వెలుతురులో చూపమని అడగండి. మంచి దుకాణదారు ఎవరూ దీనికి విసుక్కోరు. దీపాల కింద ఒకేలా కనిపించిన రెండు గుడ్డలు ఎండలో వేరువేరుగా కనిపించడం సాధారణమే, ఎందుకంటే వేర్వేరు అద్దకాలు ఒక్కో వెలుతురును ఒక్కో విధంగా తిప్పి పంపుతాయి. చీరా రవికా రెండు వెలుతురుల్లోనూ పొసిగితేనే తీసుకోండి.

ఖరీదైన పట్టు దగ్గర లేకపోతే, రాయదుర్గంలో కుట్టే జీన్సు ప్యాంటును తిరగేసి చూడండి. పైకి నీలంగానూ లోపల తెల్లగానూ ఉండడానికి కారణం పడుగు దారానికి మాత్రమే నీలి అద్ది, పేక దారాన్ని తెల్లగా వదలడమే. నీలిరంగు దారం లోపలి దాకా ఇంకదు, పైపొరలోనే నిలుస్తుంది; మోకాలి దగ్గర అరిగి తెల్లబడడం అందువల్లనే. కడప ప్రాంతంలో 19వ శతాబ్దంలో నీలిమందు సాగు విస్తారంగా ఉండేది, 1897లో జర్మనీ నుంచి కృత్రిమ నీలి అమ్మకానికి వచ్చాక ఆ సాగు అణగారిపోయింది. బజారులో నడిచే ప్రతి నీలి ప్యాంటులోనూ ఆ కథ తాలూకు ఛాయ కనిపిస్తుందని నేను నమ్ముతాను.

గీతను చేత్తో గీసి చూడండి

రంగు కంటికి హత్తుకోవాలంటే దానికి హద్దు గీసే గీత బలంగా ఉండాలి. ఈ విషయం లేపాక్షిలో తెలిసినంత స్పష్టంగా మరెక్కడా తెలియదు. హిందూపురానికి దగ్గరలో, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న వీరభద్రాలయం 16వ శతాబ్దిలో, విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల కాలంలో విరుపణ్ణ, వీరణ్ణ సోదరుల చేతుల మీదుగా రూపుదిద్దుకుంది. చాలామంది వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసి, నంది ముందు ఫొటో తీసుకుని వెనుదిరుగుతారు. మీరు మండపం పైకప్పు కింద కనీసం గంటసేపు ఉండేలా వెళ్లండి. మెడ నొప్పి పుట్టకుండా ఉండడానికి అరచేయి పరిమాణం అద్దం ఒకటి వెంట తీసుకెళ్లి, నడుము ఎత్తున పట్టుకుని అందులో పైకప్పును చూడండి.

పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, వటపత్రశాయి వంటి ఘట్టాలను గుర్తుపట్టే పని మొదట పక్కన పెట్టి, రంగులను లెక్కించండి. మట్టి ఎరుపు, పసుపు, గోధుమ, నలుపు, తెలుపు, కొంత ఆకుపచ్చ: ఇంతకు మించి దాదాపు ఏమీ ఉండవు, నీలం కనిపించకపోవడం ఈ చిత్రాల ప్రత్యేకత అని కళాచరిత్రకారులు గుర్తించారు. ఇంత కొద్ది రంగులతో అంత నిండుదనం ఎలా వచ్చిందన్నది రెండవ ప్రశ్న. బొమ్మలకు నీడలు లేవు, ప్రతి ఆకారం చుట్టూ నల్లని గీత ఉంది, ఆ గీత లోపల రంగు సమంగా పరచి ఉంది. ఇక స్త్రీల చీరలను చూడండి. చారలు, చుక్కలు, గడులు, అంచులు ఒక్కొక్కరికి ఒక్కో రకంగా ఉంటాయి. రంగులు కొద్దిగా ఉన్నప్పుడు వైవిధ్యాన్ని డిజైను మోయాలని ఆ చిత్రకారులకు బాగా తెలుసు.

తరువాత లతామండపంలోకి వెళ్లి, స్తంభాల మీది లతల్లో ఒక్కదానిని ఎంచుకుని నోటుపుస్తకంలో గీయండి. ఫోను కెమెరాతో తీస్తే డిజైను మీ దగ్గర ఉంటుందేమో గాని మీకు అర్థం కాదు. గీస్తున్నప్పుడే మూల ఆకారం ఎంత చిన్నదో, అది తిరగబడుతుందో అద్దంలో బింబంలా ఎదురు నిలుస్తుందో, రెండు ఆకారాల మధ్య వదిలిన ఖాళీ కూడా మరో ఆకారంగా ఎలా మారుతుందో చేతికి తెలుస్తుంది. ఈ నమూనాలే లేపాక్షి డిజైన్లుగా చీరల అంచుల్లోకి దిగివచ్చాయి కనుక, మీరు గీసినది ఏదో ఒక రోజు ఒకరి కొంగు మీద మీకు ఎదురుపడుతుంది.

ఇంటి దగ్గర దీనికి సాధన ముగ్గే. వాకిలి అలికి, ఎర్రమన్ను పట్టీ దిద్ది, ఆరాక దాని మీద తెల్లని ముగ్గుపిండితో వేయండి. చుక్కలు సమదూరంలో పడితే సగం పని అయినట్టే. సంక్రాంతికి గడిగడిలోనూ మెరిసే రసాయన రంగులు నింపే పద్ధతి నాకు నచ్చదు. అన్నీ అరుస్తుంటే గీత వినిపించదు. తెలుపు, ఎరుపు, పసుపు మూడూ వాడి, కనీసం సగం భాగాన్ని ఖాళీగా వదిలి చూడండి.

వెనుక నుంచి వచ్చే వెలుతురు

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు మేకతోలును పలుచగా, వెలుతురు దూరేలా శుభ్రం చేసి, రంగులు దిద్ది, ఉలితో రంధ్రాలు పొడుస్తారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ లభించింది. బల్ల మీద పడుకోబెట్టిన బొమ్మ మామూలుగానే ఉంటుంది. దీపం ముందు నిలబెట్టగానే ఎరుపు నిప్పులా వెలుగుతుంది, నగల చోట పొడిచిన రంధ్రాలు రాళ్లలా మెరుస్తాయి. అక్కడి దీపపు కవచం ఒకటి కొనగలిగితే కొనండి. కొనలేకపోయినా, పొద్దున సూర్యుడికి ఎదురుగా వేపచిగురును పట్టుకుని చూడండి. పైనుంచి చూసినప్పుడు ఉన్న రాగిరంగుకూ, వెలుతురు దూరి వచ్చినప్పటి రంగుకూ పోలికే ఉండదు.

ఇంట్లో ఏమి చేయాలి

మన ఇళ్లలో తాడిపత్రి బండలు పరచిన నేల ఒక వరం. ఆ బూడిద నలుపు ఏ రంగుతోనూ పోటీ పడదు, తడిగుడ్డతో తుడిచిన కొద్దిసేపు ముదురై, ఆరాక మళ్లీ పొడిబారిన తన రంగుకు వస్తుంది. ఇలాంటి నేల ఉన్న గదిలో గోడలను సున్నపు తెలుపులోనో లేత పసుపులోనో ఉంచి, ఒక్క వస్తువుకు మాత్రమే గాఢమైన రంగు ఇవ్వండి: తలుపు కావచ్చు, దుప్పటి కావచ్చు, నీళ్ల బిందె పెట్టే గూడు కావచ్చు.

గోడకు రంగు వేయించేముందు షేడు కార్డును నమ్మి నిర్ణయం తీసుకోవద్దు. అంగుళం ముక్కలో లేతగా ఉన్న రంగు నాలుగు గోడల మీదా పడ్డాక ఒకదాని మీదినుంచి మరొకదాని మీదికి ప్రతిఫలించి ముదిరిపోతుంది. చిన్న డబ్బా తెచ్చి, కిటికీ ఉన్న గోడ మీద, దాని ఎదుటి గోడ మీద రెండడుగుల చదరాలు పూయించి, పగలూ రాత్రీ చూడండి. రాత్రి చూడడం ముఖ్యం, ఎందుకంటే అప్పుడు పనిచేసేది బల్బు. ఎల్‌ఈడీ పెట్టె మీద 2700 కె అని ఉంటే వెలుతురు పసుపు వైపు, 4000 కె అయితే మధ్యస్థంగా, 6500 కె అయితే నీలి తెలుపుగా ఉంటుంది. పడకగదిలో, భోజనం చేసేచోట 2700 లేదా 3000 వాడండి. ఇదే కాక సీఆర్ఐ అనే అంకె కూడా చూడండి. అది 100కు ఎంత దగ్గరగా ఉంటే రంగులు అంత నిజంగా కనిపిస్తాయి. 90 దాటిన బల్బును అద్దం దగ్గరా వంటింట్లోనూ పెట్టుకుంటే, టమోటా పండిందో లేదో కూడా స్పష్టంగా తెలుస్తుంది.

భోజనం మాట వచ్చింది కనుక ఒక్క మాట. పసుపు కలిపిన ఉగ్గాని మీద కరివేపాకు, పక్కన మిరపకాయ బజ్జి. ముదురు రంగు రాగి సంగటి నడుమ గుంట చేసి పోసిన ఎర్రటి పులుసు: ఇవి మన ఇళ్లలో ఎప్పటినుంచో కుదిరిన రంగుల జతలు. తినేముందు క్షణం ఆగి చూడండి.

నోటుపుస్తకాన్ని వాడుకోండి

రోజుకు ఒక రంగు చొప్పున పుస్తకంలో చేర్చండి. ఆకు, గుడ్డపీలిక, మట్టిపూత, మిఠాయి కాగితం, ఏదైనా అంటించి, పక్కన తేదీ, వేళ, చోటు, ఒక పేరు రాయండి. నేతగాళ్లూ చీరల దుకాణాలవాళ్లూ వాడే వంకాయ, చిలకపచ్చ, కనకాంబరం, ఉల్లిపొర, మెంతి, గచ్చకాయ వంటి పేర్లు చాలినన్ని ఉన్నాయి. చాలనిచోట మీ ఊరి వస్తువు పేరే పెట్టుకోండి. ఎరుపు, ఆకుపచ్చల తేడా అందని కళ్లున్నవారు ఇదే పనిని లేత, ముదురు అనే వరుసలో చేసుకోవచ్చు. ఏడాది పొడవునా ఏ నెలకు ఆ నెల సరుకు దొరుకుతూనే ఉంటుంది. వానాకాలంలో చెనిక్కాయ చేలల్లో పసుపు పూత, దసరాకు బంతి, చలికాలం చివర మోదుగ, ఉగాదికి వేపచిగురు, మే నెలలో తురాయి వస్తాయి.

ఇంటికి రంగు వేయించవలసిన రోజు వచ్చినప్పుడు ఈ పుస్తకాన్నే సంచిలో పెట్టుకుని వెళ్లండి. రంగులు కలిపే యంత్రం ఉన్న పెయింటు దుకాణంలో మీరు అంటించిన గుడ్డముక్కనో మట్టిపూతనో చూపిస్తే, దానికి బాగా దగ్గరి ఛాయను కలిపి ఇస్తారు. మొదట ఒక లీటరే కలపమనండి, మూతకు అంటిన చుక్కను ఆరనిచ్చి గుమ్మం వెలుతురులో మీ ముక్క పక్కన పెట్టి చూడండి, ఆ రెండూ కలిసిన తరువాతే మిగతా డబ్బాలకు డబ్బు కట్టండి.